అబిడ్స్‌లో కొన్న చిన్న ఎడాప్టరు

విదేశాలలోనున్న బిడ్డలను చూడబోయే తల్లిదండ్రులు ఇప్పుడు మన పల్లెలలోను అనేకులున్నారు. పచ్చళ్లు, పొడులు మరువక కట్టుకుంటాము గాని, అక్కడి కరెంటును గూర్చి తలంచము. 2023లో మేమును అట్లే బయలుదేరబోయాము.

అమెరికాలోనున్న మా చెల్లెలి కాన్పుకు అమ్మను వెంటబెట్టుకొని వెళ్లవలసియుండెను. అమ్మకు ఉబ్బసము. రాత్రివేళ ఆయాసము వచ్చినయెడల నెబ్యులైజరు పెట్టవలసినదే. మందును సన్నని తుంపరగా చేసి ఊపిరిలోనికి పంపే యంత్రమది. అక్కడి ప్లగ్గు వేరని చెల్లెలు చెప్పగా, ఎడాప్టరు కొనుటకు ఆ యంత్రమును సంచిలో పెట్టుకొని, అమ్మతో కలిసి పట్నము వెళ్లాము.

వికారాబాదు వైపు నుండి వచ్చే రైలులో నాంపల్లి స్టేషనులో దిగాము. అక్కడనుండి అబిడ్స్ నడిచిపోయే దూరమే. ఆరవ నిజాము కొలువులోనున్న ఆల్బర్ట్ అబిద్ ఇక్కడ నడిపిన దుకాణమును బట్టి ఆ పేరు వచ్చినది. ఆదివారము పాత పుస్తకాలు పరచే కాలిబాటలు దాటి, జగదీష్ మార్కెట్టు సందులలోనికి వెళ్లాము. సెల్‌ఫోనులు, చార్జర్లు, వైర్లు వ్రేలాడే చిన్న చిన్న దుకాణాలు.

దుకాణదారుడు ముందుగా మా ఫోను చార్జరు త్రిప్పి చూచాడు. దానిమీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉన్నది. "దీనికి ఎడాప్టరు చాలు" అన్నాడు. తరువాత నెబ్యులైజరు అడుగున చదివి తల అడ్డముగా ఊపాడు. అక్కడ 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని మాత్రమే ఉన్నది.

"పెద్దమ్మా, ఎడాప్టరు పెడితే పిన్ను పడతది గని కరెంటు మారది. మన దగ్గర 230, అమెరికాల 120. గీ మిషను అక్కడ మంచిగ నడవది. పానం సంగతి, నమ్ముకొని పోకుండ్రి" అన్నాడు.

మేము నిర్ఘాంతపోయాము. యంత్రమునకు కూడా ఎడాప్టరు అంటగట్టి సొమ్ము తీసుకొనవచ్చును గాని, అతడు అట్లు చేయలేదు. చార్జరుకు మాత్రమే ఒకటి ఇచ్చాడు.

అతడు చెప్పినది మీకును పనికివచ్చును. మన గుండ్రని మూడు పిన్నుల ప్లగ్గు ఒకప్పటి బ్రిటను పద్ధతి. 1947లో బ్రిటను బల్లపరుపు పిన్నుల ప్లగ్గుకు ప్రమాణము నిర్ణయించుకొన్నది. మనము పాతదే ఉంచుకొన్నాము. దుబాయి, కువైటులలోను ఆ బల్లపరుపు మూడు పిన్నులే. అక్కడి వోల్టేజి మనకు దగ్గరే గనుక సాధారణముగా ఎడాప్టరు సరిపోవును. అమెరికాకు మాత్రము మన ఇస్త్రీపెట్టె, మిక్సీ మోయవద్దు. ఇస్త్రీపెట్టెకు అక్కడ నాలుగవ వంతు వేడి మాత్రమే పుట్టును. అక్కడి 120 వోల్టుల సామాను ఇక్కడ పెట్టినయెడల కాలిపోవును.

ఇంటికి వచ్చి డాక్టరుగారిచేత చీటీ వ్రాయించి చెల్లెలికి పంపాము. ఆమె అక్కడి కరెంటుకు తగిన యంత్రమును ముందే సిద్ధపరచినది. చేరిన మూడవ రాత్రియే చలిగాలికి అమ్మకు ఆయాసము వచ్చినది. యంత్రము పెట్టిన కొంతసేపటికి ఊపిరి నెమ్మదించి నిద్రపోయినది. ఆ రాత్రి మేము ఆ దుకాణదారుని తలంచుకొన్నాము.

ప్రయాణమునకు ముందు మీ సామాను ఒక్కొక్కటి త్రిప్పి, అడుగున వ్రాసిన అంకెలు చదువుడి. మీకు రానియెడల బడికి వెళ్లే పిల్లలచేత చదివించుడి.