లింబాయత్ గల్లీలో సగం కోర్టు

సూరత్‌లోని మా లింబాయత్‌కు చలికాలం వచ్చిందన్న కబురు పోంక్ బండ్లే తెచ్చేవి. లేత జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి, రాల్చి, ఆ పచ్చటి గింజలను పొట్లం కట్టి, పైన ఇంత సేవ్, ఇన్ని చక్కెర గుళికలు వేసి ఇచ్చేవాళ్లు. ఆ వెచ్చటి పొట్లం విప్పితే పొగవాసన, పాలవాసన కలిసి వచ్చేవి. మా అవ్వ నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "మన దిక్కు ఊచబియ్యం గిట్లనే ఉంటయి బిడ్డా" అని ఒకసారి సిరిసిల్లను తలుచుకుని, మిగతావన్నీ మా చేతుల్లో పోసేది. పోంక్ వచ్చిందంటే వానలు పోయాయని, ఉత్తరాయణ్ పతంగులకు ఇంకా కొన్నాళ్లుందని, రాత్రిపూట గాలి పడిపోయిందని లెక్క. గాలి లేని ఆ రాత్రులే మా గల్లీకి బ్యాడ్మింటన్ కాలం.

గల్లీ నిండా మనవాళ్లే. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ దిక్కు నుంచి మగ్గాలు నడవక వచ్చిన పద్మశాలీలు. ఒకరు వచ్చి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నిలబడితే, వెనకే ఆయన బావమరిది, ఆ తర్వాత మేనల్లుడు, ఆ వెనక ఇంకో ఇల్లు. వరంగల్లో నవజీవన్ రైలెక్కి, బల్లార్షా, భుసావల్, నందుర్‌బార్ దాటుకుంటూ, సద్దిమూటలు విప్పుకుంటూ సూరత్‌లో దిగేవాళ్లు. మున్సిపాలిటీ వాళ్ల గుజరాతీ, మరాఠీ, ఉర్దూ బళ్లతో పాటు మాకు తెలుగు బడి కూడా ఉండేది. బళ్లో తెలుగు, దుకాణంలో గుజరాతీ, సాంచెలు నడిచే షెడ్డులో, అంటే ఖాతాలో, హిందీ, ఇంట్లో సిరిసిల్ల మాట. ఎక్కడిది అక్కడే నోటికి వచ్చేసేది. బతుకమ్మకు తంగేడు దొరక్కపోతే బంతిపూలతోనే ఎత్తుగా పేర్చేవాళ్లు, గౌరమ్మ కూడా ఏమీ అనుకున్నట్టు లేదు.

మా బాపు పన్నెండు గంటల పాళీ చేసి వచ్చేసరికి ఒళ్లంతా సాంచె నూనె వాసన. చెవుల్లో ఆ చప్పుడు ఇంకా పోక కాసేపు అందరితోనూ గట్టిగా మాట్లాడేవాడు, మేమూ గట్టిగానే జవాబు చెప్పేవాళ్లం. ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుట్టేవాళ్లు, చీరల అంచుల దారాలు కత్తిరించేవాళ్లు, నాలాంటి పిల్లలు ఆ దారాలు ఊడ్చి పోగేసేవాళ్లు. రంగుల మిల్లులు ఏ రోజు ఏ రంగు అద్దితే మా వెనకాల ఖాడీ వాగులో నీళ్లు ఆ రంగు పారేవి. వానాకాలం ఆ ఖాడీయే పొంగి ఇంట్లోకి వచ్చేది. అప్పుడు బియ్యం డబ్బాలు, కండెల గంపలు, మా పెద్దబాపు కొడుకు, అందరూ మంచం మీదికి ఎక్కేవాళ్లు. నీళ్లు తీశాక కడుక్కుని, మళ్లీ పొయ్యి వెలిగించుకునేవాళ్లం.

ఆ పెద్దబాపు కొడుకే మా అన్న. రెండేళ్లప్పుడు జ్వరమొచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. అప్పట్లో ప్రతి గల్లీలో అలాంటి పిల్లలు ఒకరిద్దరు ఉండేవాళ్లు, మీ వాడలో కూడా ఉండే ఉంటారు. ఖాతాలో పారేసిన పాత బేరింగులు నాలుగు తెచ్చి, చెక్కపలకకు కింద బిగించి, పెద్దబాపు ఒక బండి చేసిచ్చాడు. అన్న రెండు చేతులతో నేలను నెట్టుకుంటూ సిమెంటు గల్లీలో వస్తుంటే గూడ్సు రైలు వచ్చినట్టు ఉండేది. ఆ చప్పుడుకు ముసలమ్మలు కాళ్లు ముడుచుకునేవాళ్లు. పొద్దంతా కూర్చుని కండెలు చుట్టడం వల్ల వాడి భుజాలు, మణికట్లు మా బాపు వాటికంటే గట్టివి. ఆ మణికట్టే వాడి ఆట.

స్తంభం దీపం కింద, ఖాతాలో మిగిలిన దారాలు పేనిన తాడును రెండు కిటికీ ఊచలకు కట్టి, దానికి అవ్వ పాత చీర వేలాడదీస్తే అదే నెట్టు. గల్లీలో ఒక పక్కంతా మోరీ, తోపుడుబండ్లు. మిగిలిన సగమే మాకు కోర్టు. ఆ సగంలోనే బొగ్గుతో గీతలు. అన్నతో ఆడాలంటే ఎదుటివాడు కూడా కూర్చునే ఆడాలి, అందుకోసం ఇంకో బేరింగు బండి తయారైంది. కాక్ కొట్టేటప్పుడు పిర్ర పలక మీంచి లేచిందా, పాయింటు పోయినట్టే. నెట్టు పక్కనే టపుక్కున జారవిడిస్తే లెక్కలోకి రాదు, ఎందుకంటే చేతులతో నెట్టుకుంటూ అంత ముందుకు ఎవరూ అందుకోలేరు. ఈ రూళ్లు ఎవరు పెట్టారో గుర్తులేదు. రోజూ గొడవపడుతూ, రోజూ ఒక్కోటి సర్దుకుంటూ అవే కుదిరాయి. ఇక వాడి ఆట ఎలా ఉండేదంటే, ఎదుటివాణ్ని వెనక్కి వెనక్కి నెట్టి, వాడు బండి తిప్పుకునేలోపు ముందు గీత మీద వేసేవాడు. ప్లాస్టిక్ కాక్ రెక్కలు విరిగితే దారం చుట్టి మళ్లీ ఆడేవాళ్లం. ప్రకాశ్ పదుకొనే 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పటి బొమ్మ ఒకటి పేపర్లోంచి కత్తిరించి వాడు పక్క దగ్గర గోడకు అంటించుకున్నాడు. పెద్దమ్మ అన్నానికి పిలిచి పిలిచి, చివరికి పళ్లెం అక్కడికే తెచ్చి, పాయింటుకూ పాయింటుకూ నడుమ ముద్దలు పెట్టేది.

అదే రోజుల్లో, మా రాష్ట్రంలోనే, గాంధీనగర్‌లో ఇంకో పిల్ల ఇలాగే రాకెట్టు పట్టుకుందని నాకు చాలా ఏళ్ల తర్వాత, పెళ్లయి కరీంనగర్ వచ్చాక తెలిసింది. పారుల్ పర్మార్. 1973లో పుట్టింది, మూడేళ్లకే పోలియో. తండ్రి బ్యాడ్మింటన్ ఆడేవాడు. ఆయన వెంట జింఖానాకు వెళ్తూ ఆట నేర్చుకుంది. నిలబడి ఆడే క్రీడాకారిణి ఆమె, ఎస్ఎల్3 అనే తరగతి. 2009లో అర్జున అవార్డు, 2014, 2018 ఆసియా పారా క్రీడల్లో బంగారం, 2015, 2017ల్లో ప్రపంచ చాంపియన్. 2019 ప్రపంచ పోటీల్లో, బాసెల్‌లో ఆమెను ఫైనల్లో ఓడించింది మానసి జోషి. మానసి పుట్టింది రాజ్‌కోట్‌లో, సాధన చేసింది మన హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీలో. ఈ కబురు నేను ఫోన్లో చెప్తే అన్న ఎవరి పక్షం వహించాలో తెలియక కాసేపు ఆగి, "ఇద్దరూ మనోళ్లే గదా చెల్లె" అన్నాడు.

పారా బ్యాడ్మింటన్ పారాలింపిక్స్‌లోకి మొదటిసారి వచ్చింది టోక్యోలో, 2021లో. అప్పటికి నేను సూరత్‌కు వెళ్లి ఉన్నాను. అన్న ఇప్పటికీ ఆ గల్లీలోనే సాంచెల మోటార్లు బాగుచేస్తాడు. ఇద్దరం ఫోను గోడకు ఆనించి చూశాం. ఆడవాళ్ల ఎస్ఎల్3 సింగిల్స్ ఆ క్రీడల్లో పెట్టనే లేదు. నలభై ఎనిమిదేళ్ల పారుల్, తనకంటే కాళ్లలో బలం ఎక్కువున్న ఎస్ఎల్4 వాళ్లతో సింగిల్స్ ఆడింది, పాలక్ కోహ్లీతో కలిసి డబుల్స్ ఆడింది. పతకం రాలేదు. ఆమె తరగతి ఆడవాళ్లకు పారిస్‌లో 2024లో చోటిచ్చారు, అప్పటికి ఆమె అక్కడ లేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

తర్వాత చక్రాల కుర్చీ సింగిల్స్ వచ్చింది. కోర్టు వెడల్పులో సగమే. నెట్టుకూ ముందు సర్వీసు గీతకూ మధ్య పడ్డ కాక్ అవుట్. కొట్టే క్షణంలో ఒళ్లు సీటును అంటుకునే ఉండాలి. అన్న ఫోను దగ్గరికి లాక్కుని, "ఇవి మన రూళ్లే గదనే!" అని ఎంత గట్టిగా అరిచాడంటే వదిన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చక్రాల కుర్చీల్లో డబ్ల్యూహెచ్2 అనే తరగతి ఫైనల్లో జపాన్ కుర్రాడు దైకి కజివారా, పందొమ్మిదేళ్లవాడు. బడి రోజుల్లో బేస్‌బాల్ ఆడేవాడట, రోడ్డు ప్రమాదంలో కాలు పోయాక ఈ ఆటలోకి వచ్చాడు. కుర్చీని వెనక్కి లాగుతూ, తల వెనక్కి వాల్చి, తన మీంచి దాటిపోయే కాక్‌ను అందుకుంటున్నాడు. కొరియా ఆటగాడు కిమ్ జుంగ్‌జున్ మీద గెలిచాడు. ఆ కుర్రాడు కొట్టే దెబ్బలకు అందరూ ఆహా అంటుంటే అన్న మాత్రం చక్రాలనే చూస్తున్నాడు. "రాకెట్టు చేతిల ఉంచుకునే చక్రం తిప్పుతుండు సూడు. కాక్ రాకముందే ఆడికి పోతుండు. గీ పిలగాడు చేతితోటి కాదు, చక్రంతోటి గెలుస్తుండు."

మరుసటేడు 2022 అక్టోబరులో జాతీయ క్రీడల బ్యాడ్మింటన్ సూరత్‌కే వచ్చింది, అఠ్వా లైన్స్‌లోని దీనదయాళ్ ఇండోర్ స్టేడియంలో. తెలంగాణ జట్టు మిశ్రమ జట్ల పోటీలో కేరళను ఓడించి బంగారం గెలిచింది, సాయి ప్రణీత్ సింగిల్స్ గెలిచాడు. లింబాయత్ పిల్లలు అన్నను ఆటోలో తీసుకెళ్లారు. వాడు గుజరాత్ జనం మధ్య తెలుగులో అరిచి గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చాడు.

పారిస్ ఫైనల్ రోజు నేను కరీంనగర్‌లో ఉన్నాను. కజివారా ఈసారి హాంకాంగ్ ఆటగాడు చాన్ హో యుయెన్ మీద గెలిచాడు, ఆడవాళ్లలో జపాన్ ఆటగత్తె సరీనా సతోమి కూడా ఇంకో చక్రాల కుర్చీ తరగతి డబ్ల్యూహెచ్1లో తన బంగారం నిలబెట్టుకుంది. ఆట అయిందో లేదో ఫోను మోగింది. హలో కూడా అనలేదు అన్న.

"నేను జెప్పిన్నా లేదా, చక్రం అని?"