బాట్‌మన్ గుహ చూశాము

లాస్ ఏంజిల్స్ నగరం చూడబోయినవారికి సాధారణంగా సినిమా తారల యిళ్ళూ, కాలిబాటలో పొదిగిన వారి పేర్లూ చూపించి పంపేస్తారు. మా మేనల్లుడు ఆ వూళ్ళో వుద్యోగం చేస్తున్నాడు గనుక మాకు అంతకన్న మంచి చోటే దొరికింది. "పదండి మామయ్యా, మీకొక పాత రాతి క్వారీ చూపిస్తాను" అన్నాడు. "ఇన్ని సముద్రాలు దాటి వచ్చింది రాళ్ళు చూడడానికా?" అని మా ఆవిడ నవ్వింది.

గ్రిఫిత్ పార్కు పేరుకే పార్కు. నిజానికది కొండలూ లోయలూ పొదలూ నిండిన అడవి. దాని నైరుతి మూల, కాన్యన్ డ్రైవ్ అనే రోడ్డు చివర కారు ఆపి మట్టిబాట వెంట కొద్ది నిమిషాలు నడిస్తే బ్రాన్సన్ గుహ వస్తుంది. 1903లో ఒక కంపెనీ అక్కడ రాయి కొట్టడం మొదలుపెట్టింది. ఆ రాయి నగరపు రోడ్లకు వెళ్ళింది. 1920ల చివరికి పని ఆగిపోయింది. మిగిలినవి నిటారుగా తెగిన రాతిగోడలూ, కొండ మూలను తొలిచిన చిన్న సొరంగమూను. గుహ అనడం మర్యాదకే. ఈ చివర నిలబడితే ఆ చివరి వెలుతురు కనిపిస్తుంది.

1966 జనవరిలో అమెరికా టెలివిజన్‌లో మొదలై, 1968 వరకు 120 భాగాలుగా నడిచిన 'బాట్‌మన్' సీరియల్‌లో ఆ గబ్బిలం వీరుడి రహస్య స్థావరానికి సింహద్వారం యిదే! అతని నల్లకారు యిందులోంచే దూసుకువచ్చేది. మావాడు సొరంగం నోటి దగ్గర చేతులు చాచి కొలిచి చూపించాడు. కారు పడితే అటూ యిటూ సందు మిగలదు. అందుచేత కారును జాగ్రత్తగా, మెల్లగా బయటికి తెచ్చేవారట. తెరమీద మాత్రం ఫిల్మును వేగంగా నడిపించేవారు. మనం చూసిన వేగమంతా కెమేరాదే.

ఆ కారుకూ ఒక కథ వుంది. 1955లో లింకన్ కంపెనీవారు ప్రదర్శన కోసం ఇటలీలో చేయించిన 'ఫ్యూచురా' అది. తరవాత దానిని పట్టించుకున్నవారు లేరు. జార్జి బారిస్ అనే కార్ల పనివాడు ఒక్క డాలరుకు కొని, సీరియల్ వారు తొందరపెడితే మూడు వారాల్లో రూపు మార్చి యిచ్చాడు. 2013లో అదే కారు వేలంలో 42 లక్షల డాలర్లు పలికింది!

బాట్‌మన్ గోడ ఎక్కే దృశ్యాలు మరీ తమాషా. గోడను నేలమీద పరిచి, కెమేరాను పక్కకు తిప్పి పెట్టేవారు. ఆడమ్ వెస్ట్, బర్ట్ వార్డ్ తాడు పట్టుకుని నడుం వంచి సుబ్బరంగా నడిచేవారు. భుజాల వెనక వస్త్రాలు వేలాడుతున్నట్టుండడానికి వాటిని దారాలతో లాగి వుంచేవారు. విదూషకుడి వేషం వేసిన సీజర్ రొమేరో మీసం తీయనంటే తీయనన్నాడు. చేసేదిలేక మీసం మీదే తెల్లరంగు పూశారు.

సొరంగం దాటి అవతలికి వస్తే కొండమీద 'హాలీవుడ్' అనే తెల్లటి అక్షరాలు కనిపిస్తాయి. ఆ కొండల వెనక, శాన్ ఫెర్నాండో లోయలో, రిపబ్లిక్ కంపెనీవారి స్టూడియో వుండేది. 1941లో వారు 'అడ్వెంచర్స్ ఆఫ్ కాప్టెన్ మార్వెల్' అనే 12 భాగాల సినిమా తీశారు. బొమ్మల పుస్తకాల మహావీరుడు సినిమాలో మనిషిగా కనిపించడం అదే మొదలు. కథానాయకుడు టామ్ టైలర్. కాని ఆకాశంలో ఎగిరింది అతను కాదు. హోవర్డ్, థియొడోర్ లిడెకర్ అనే అన్నదమ్ములు మనిషికన్న కాస్త పెద్ద బొమ్మ చేసి, తీగెలమీద జార్చారు. దూకడాలూ దొర్లడాలూ డేవిడ్ షార్ప్ అనే సాహసిక నటుడు చేశాడు. బొమ్మ, టైలర్, షార్ప్ – ముగ్గురు కలిస్తే ఒక వీరుడు!

1948లో కొలంబియావారు 'సూపర్‌మన్' తీసినప్పుడు కిర్క్ ఆలిన్ అనే నటుణ్ణి తీగెలతో గంటలకొద్దీ వేలాడదీశారు. తీరా చూస్తే తీగెలు కనిపించాయి. ఆ కష్టమంతా పారేసి, ఎగిరే ఘట్టాలలో గీసిన బొమ్మను పెట్టారు. పైగా సూపర్‌మన్ వేషం సాక్షాత్తూ సూపర్‌మనే వేశాడని ప్రచారం చేసి, ఆలిన్ పేరును ఆ పాత్రకు వేయనేలేదు.

1952లో టెలివిజన్‌లో ఆ వేషం జార్జి రీవ్స్‌కు వచ్చింది. తీగెలు దెబ్బతిని కిందపడ్డాక యిక వాటి జోలికి పోక, స్ప్రింగుపలక మీదనుంచి కెమేరాకు అందకుండా దూకేవాడు. మొదటి రెండేళ్ళ భాగాలు నలుపు తెలుపులలో తీశారు. ఆ ఫిల్ములో ఎరుపూ నీలమూ విడిగా కనిపించవని బూడిదరంగూ గోధుమరంగూ కలిసిన దుస్తులు కుట్టించారు.

సాయంత్రం తిరిగి వస్తూ నగరం నడుమ 1928లో కట్టిన సిటీ హాలు చూశాము. రీవ్స్ సీరియల్‌లో రెండో విడతనుంచి సూపర్‌మన్ పనిచేసే పత్రికాఫీసుగా చూపించిన భవనం యిదే. తలెత్తి చూస్తూ మా ఆవిడ, "ఇవన్నీ తెలుసుకుంటే పిల్లలకు ఆ సరదా పోదుటండీ?" అంది.

పోదనే అన్నాను. తోలుబొమ్మల తెర వెనక దీపమూ కర్రా చూసిన పిల్లవాడు మర్నాడు ఆట మానడు. తానే అట్టముక్క కత్తిరించుకుంటాడు. పోయేదల్లా పనిచేసినవారి పేరు. ఆ సొరంగం తొలిచిన కూలీల పేర్లు ఏ పలకమీదా నాకు కనిపించలేదు. వేలాడి వేలాడి ఒళ్ళు హూనం చేసుకున్న ఆలిన్‌కు తెరమీద రావలసిన పేరు రాలేదు.

అటు వెళ్ళేవారు ఉదయంపూట, ఎండ ఎక్కకముందే, మంచినీళ్ళు వెంట తీసుకుని వెళ్ళండి. గుహకు పిల్లల్ని తప్పక తీసుకువెళ్ళండి. "సూపర్‌మన్ నిజంగా ఎగిరాడా?" అని వాళ్ళు అడిగితే, లేదని చెప్పి వూరుకోక, కిర్క్ ఆలిన్ పేరు కూడా చెప్పండి.