కద్మా: ఒక వజ్రం, ఒక మాత్ర

జంషెడ్‌పూర్ నగరానికి పడమటి వైపున, ఖర్కాయి నది చేరువలో కద్మా ఉన్నది. ఉక్కు కర్మాగారపు ఉద్యోగుల క్వార్టర్లు, చెట్ల నీడన సాగే వీధులు, సాయంకాలం కిటకిటలాడే బజారు, రంకిణీ దేవి ఆలయం ఈ పేటకు ఆనవాళ్లు. బజారులో ఈ చివరనుండి ఆ చివరకు నడిచేలోగా హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ చెవిన పడతాయి. వాటి నడుమ తెలుగు కూడ వినిపిస్తుంది. ఉక్కు పనికోసం రైలెక్కి వచ్చిన తెలుగువారి మనుమలు, మునిమనుమలు ఇక్కడే స్థిరపడ్డారు. ఆంధ్ర అసోసియేషన్ వారి పాఠశాల కద్మాలోనే ఉన్నది. వినాయక చవితి వచ్చిందంటే గణేశ్ పూజ మైదానం తిరునాళ్లను తలపిస్తుంది.

కద్మా విడిచి పొరుగున ఉన్న బిష్టుపూర్ వైపు వెళితే, నార్తర్న్ టౌన్‌లో మెహర్బాయి టాటా స్మారక వైద్యశాల కనిపిస్తుంది. 1975లో ప్రారంభమైన ఈ క్యాన్సర్ ఆసుపత్రి పేరును ఇక్కడివారు కొంచెం గొంతు తగ్గించి పలుకుతారు. ఆ పేరు వెనుక ఉన్న కథ మాత్రం గొంతెత్తి చెప్పుకోదగినది.

మెహర్బాయి జంషెట్‌జీ టాటా పెద్ద కోడలు, సర్ దోరాబ్జీ టాటా సతీమణి. 245 క్యారట్ల జూబిలీ వజ్రాన్ని భర్త ఆమెకు కానుకగా ఇచ్చాడు. అది బ్రిటిష్ కిరీటంలోని కోహినూరుకు రెట్టింపుకన్న పెద్దది. 1924లో ఉక్కు కంపెనీకి జీతాలు చెల్లించడమే గగనమైనప్పుడు, దోరాబ్జీ తన సొంత ఆస్తిని, భార్య ఆభరణాలను తాకట్టు పెట్టి ఇంపీరియల్ బ్యాంకునుండి అప్పు తెచ్చాడు. కర్మాగారం నిలిచింది. కద్మా పొయ్యిలలో మంట ఆరలేదు.

ఊరిని కాపాడిన ఆ సంపద ఆమెను కాపాడలేకపోయింది. 1931లో మెహర్బాయి ల్యుకేమియాతో బ్రిటన్‌లో కన్నుమూసింది. ఎముకల మజ్జలో పుట్టే తెల్లకణాలు అదుపు తప్పి పెరిగి, మంచి రక్తానికి చోటు లేకుండా చేసే వ్యాధి అది. రోగానికి పేరు పెట్టగలిగిన వైద్యుల చేతిలో దానిని నిలువరించే మందు అప్పటికి లేదు. మరుసటి సంవత్సరం దోరాబ్జీ ఆమె పేరిట ఒక నిధిని స్థాపించాడు. దాని రాబడిలో అధికభాగం ఏ దేశంలోనైనా సరే, ల్యుకేమియాపై పరిశోధించేవారికి అందాలని నిర్ణయించాడు. అదే సంవత్సరం జూన్‌లో తానూ మరణించాడు. ఆయన తదనంతరం జూబిలీ వజ్రాన్ని విక్రయించారు. ఆ ధనం చేరిన దోరాబ్జీ ట్రస్టు పూనికతోనే 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వెలిసింది.

వెతుకుతున్న మందు దొరకడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఆ దారి వేసినవారిలో ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరులను స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్నాడు. పేగులు పోషకాలను గ్రహించలేక మనిషి రక్తహీనుడై శుష్కించిపోయే జబ్బు అది. 1923లో అమెరికా చేరిన ఆయన, తరువాతి కాలంలో లెడర్లే సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు, కొన్నిరకాల రక్తహీనతకు అది ప్రాణదాయకమైనది.

బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అదే పదార్థపు రూపాలను ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూడగా, వ్యాధి మరింత విజృంభించినట్లు తోచింది. అంటే చెడ్డకణాలకూ ఫోలిక్ ఆమ్లమే ఆహారమన్నమాట. అయితే ఆ ఆహారాన్నే పోలి, లోపలికి వెళ్లి విభజనను అడ్డుకునే నకిలీని ఇస్తే? సుబ్బారావు ప్రయోగశాల అటువంటి నకిలీలను తయారుచేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. అమినోప్టెరిన్ పుచ్చుకున్న పదహారుగురు పిల్లలలో పదిమందికి కొంతకాలం గుణం కనిపించింది. గుణం నిలువలేదు, కాని రక్తపు క్యాన్సర్ మందుకు లొంగగలదని తొలిసారి రుజువైనది. రెండు నెలలకు, ఆగస్టులో, యాభైమూడేళ్ల వయసున సుబ్బారావు మరణించాడు.

ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల ల్యుకేమియా చికిత్సలో ముఖ్యమైన మందు. ఇతర మందులతో కలిపి, రెండు మూడేళ్లపాటు సాగే క్రమశిక్షణతో, సంపన్నదేశాలలో పదిమంది పిల్లలలో సుమారు తొమ్మిదిమంది కోలుకుంటున్నారు. మన దేశంలో ఆ సంఖ్యను తగ్గించేవి ఆలస్యం, ఖర్చు, నడుమ చికిత్స మానివేయడం. జ్వరం, పాలిపోవడం, కారణం లేని నీలిమచ్చలు కనిపిస్తే మలేరియాయేనని సరిపెట్టుకొనే ప్రమాదమున్నది. ఒక్క నెత్తుటి బొట్టును గాజుపలకపై పరచి సూక్ష్మదర్శినిలో చూస్తే మలేరియా పరాన్నజీవి, రక్తకణాల వంకర, క్యాన్సర్ అనుమానం ఏదైనా బయటపడవచ్చు. క్యాన్సర్ అనుమానమైతే మజ్జ పరీక్ష దానిని తేలుస్తుంది.

సుబ్బారావు పరిశోధనశాలనుండి మరొక మందు కూడ వచ్చింది. అది బోదకాలు జబ్బుకు వాడే డై ఇథైల్ కార్బమజీన్. జార్ఖండ్ జిల్లాలలో ఆరోగ్యసిబ్బంది ఇంటింటికీ వెళ్లి మింగించే మాత్రలలో అదీ ఒకటి.

చికిత్స చివరిదశలో, కద్మాలోని ఒక తల్లి వారానికొకసారి మాత్రమే ఇవ్వవలసిన మెథోట్రెక్సేట్‌ను క్యాలెండరులో గుర్తుపెట్టుకొని మరీ బిడ్డకు ఇస్తుంది. పొరబాటున రోజూ ఇస్తే అది ప్రాణాంతకం కాగలదు. ఆ చిన్న మాత్ర వెనుక భార్యను పోగొట్టుకున్న ఒక భర్త, సోదరులను పోగొట్టుకున్న ఒక భీమవరంవాడు, గుణం నిలువకపోయినా దారి చూపి వెళ్లిన పదహారుగురు పసివారు ఉన్నారు. ఆ పిల్లల పేర్లు ఏ ఆసుపత్రి గోడమీదా లేవు.