సొంత రౌటర్ పెట్టాక నెట్ స్లో అయిందా? ఊట దగ్గర్నుంచి చూసుకుంటూ రండి

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. ఇంట్లో ఫైబర్ నెట్ ఉన్నవాళ్ళకి ఇప్పుడే పనికొస్తుంది. లేనివాళ్ళు సేవ్ చేసి పెట్టుకోండి, రేపు మీ ఊరికి లైన్ వచ్చినప్పుడు పనికొస్తుంది. గుట్ట ఎక్కితే గానీ సిగ్నల్ దొరకని ఊళ్ళు మనలో చాలామందికి ఉన్నాయని నాకు తెలుసు, మా అమ్మమ్మ ఊరూ అలాంటిదే.

నాది పాడేరు వైపు. విశాఖలో ఎస్టీ గర్ల్స్ హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. నా డిగ్రీ అడ్మిషన్ ఆప్షన్లు నెట్ సెంటర్‌లో పెట్టించాం. నాన్న, నేను కౌంటర్ బయట నిలబడ్డాం, లోపలున్నాయన టకటకా నొక్కేశాడు. ఓటీపీ అడిగాడు, చెప్పాం. ప్రింట్ చేతికొచ్చాక చూస్తే నేను మొదట కావాలన్న కాలేజీ మూడో నంబర్‌లో ఉంది. "అన్నీ ఒకటేనమ్మా" అన్నాడు. ఆయనకి ఒకటే. మనకి మూడేళ్ళు.

అందుకే చిన్నాన్న ఇంట్లో నెట్ స్లో అయిందంటే నాకది సినిమా ఆగిపోయే బాధలా అనిపించలేదు. చెల్లి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లకి ఇంకా 5 రోజులే ఉంది. పేజీ సగం తెరుచుకుని లాగౌట్ అయిపోతోంది. ఇంట్లో పని కాకపోతే జీపెక్కి మళ్ళీ ఆ నెట్ సెంటర్‌కే పోవాలి, ఓటీపీ మళ్ళీ ఎవరికో చెప్పాలి.

చిన్నాన్న వాళ్ళుండేది మండల కేంద్రంలో. 40 ఎంబీపీఎస్ ప్లాన్. కంపెనీ ఇచ్చిన బాక్స్ వైఫై వెనక గదికి అందట్లేదని, పసుపు అమ్మిన డబ్బుల్లో 1,800 పెట్టి తమ్ముడు వేరే రౌటర్ కొన్నాడు. అది పెట్టాక నెట్ ఇంకా స్లో అయింది. కంపెనీకి ఫోన్ చేస్తే, "అది మీ సొంత రౌటరు కదండీ, దానికి మా బాధ్యత లేదు" అని పెట్టేశారు. చిన్నాన్న, "ఆళ్ళు చెప్పింది నిజమేనేమో. మనకేటి తెలుసు" అన్నాడు.

ఈ "మనకేటి తెలుసు" అనే మాట దగ్గరే మనవాళ్ళు ఆగిపోతున్నారు. నిజానికి చిన్నాన్నకి తెలుసు. మా ఊళ్ళో కొండ మీద ఊట నుంచి పైపు వేసి తెచ్చిన గ్రావిటీ నీళ్ళు. కుళాయిలో ధార సన్నబడితే చిన్నాన్న కుళాయిని తిట్టడు. కొండెక్కి ఊట దగ్గర నీళ్ళున్నాయా చూస్తాడు, తర్వాత ట్యాంకు, తర్వాత పైపు జాయింట్లు, చివరికి కుళాయి. ఎక్కడ దాకా ధార బాగుందో, ఎక్కడ తగ్గిందో ఆ మధ్యలోనే తప్పుంటుంది. నెట్ కూడా అంతే. "నెట్ స్లో" అనేసి ఊరుకోకుండా, ఏ జాయింట్ దగ్గర తగ్గిందో పట్టుకోవాలి.

ముందు అంకెలు అర్థం చేసుకోండి

ప్లాన్‌లో రాసే ఎంబీపీఎస్ అంటే సెకనుకి మెగా బిట్లు. మన ఫోన్‌లో ఫైలు సైజు చూపించేది బైట్లలో. 8 బిట్లు ఒక బైటు. కాబట్టి 40 ఎంబీపీఎస్ లైన్‌లో సెకనుకి దిగేది ఎక్కువలో ఎక్కువ 5 ఎంబీ. ఇది తెలియక "40 అన్నారు, 5 కూడా రావట్లేదు" అని గొడవపడేవాళ్ళున్నారు. ప్లాన్‌లో నెలకి ఇంత డేటా దాటితే స్పీడ్ తగ్గిస్తాం అనే షరతు ఉందేమో కూడా చూడండి. నెలాఖర్లో మాత్రమే స్లో అవుతుంటే ముందు అదే అనుమానించాలి.

1. ఊట: కంపెనీ బాక్స్

మీ రౌటర్‌ని పూర్తిగా తీసేయండి. కంపెనీ బాక్స్‌కి లాన్ కేబుల్‌తో నేరుగా ల్యాప్‌టాప్ కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. ట్రాయ్ వాళ్ళ మైస్పీడ్ యాప్ ఉంది, వేరే ఏదైనా పరవాలేదు. ల్యాప్‌టాప్ లేకపోతే బాక్స్ పక్కనే నిలబడి, దాని వైఫైతోనే ఫోన్‌లో చేయండి. మిగతా ఫోన్లన్నీ ఆపేయాలి. ఒక్కసారి కాదు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడేసి సార్లు చేసి పేపర్ మీద టైంతో సహా రాయండి.

మాకు మధ్యాహ్నం 38 వచ్చింది. అంటే ఊటలో నీళ్ళున్నాయి. సాయంత్రం సంగతి వేరు, అది తర్వాత చెప్తాను.

బాక్స్ మీద ఎల్ఓఎస్ అని రాసిన దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంటే ఫైబర్ సిగ్నల్ రావట్లేదని. అప్పుడు మీ రౌటర్‌ని ఎంత మార్చినా లాభం లేదు, కంపెనీకి ఫోన్ చేయాల్సిందే. ఆ సన్నటి ఫైబర్ తీగని మేకుకి చుట్టడం, గట్టిగా మడవడం చేయొద్దు. లోపలుండేది గాజు, మడత పడితే వెలుగు కారిపోతుంది. తీగ ఊడితే దాని కొసలోకి కంటితో చూడొద్దు.

2. జాయింటు: రెండు బాక్సుల మధ్య కేబుల్

ఇప్పుడు రౌటర్ తగిలించి, రౌటర్‌కి కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి కొలిచాం. 9 వచ్చింది. 38 వచ్చేది 9కి పడిందంటే తప్పు ఈ మధ్యలోనే. చూస్తే, కేబుల్ పొడవు చాలక తమ్ముడు పాత ముక్క ఒకటి కలిపి, తీగలు మెలిపెట్టి టేపు చుట్టాడు. కరెంటు వైరుకి అలా చేస్తే నడుస్తుంది. లాన్ కేబుల్‌లో తీగలు జతజతగా మెలికలు పడి ఉండటానికి కారణముంది, ఆ మెలిక పోతే సిగ్నల్ పాడవుతుంది. అలాంటప్పుడు రెండు బాక్సులూ కిందిస్థాయి స్పీడ్‌కి దిగి మాట్లాడుకుంటాయి. కొత్త కేబుల్ పెడితే 37 వచ్చింది.

కేబుల్ మీద క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ అని రాసుందో లేదో చూసి కొనండి. ఇంకొకటి, తక్కువ ధర రౌటర్లలో పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. 40 ప్లాన్‌కి అది చాలు. 200 ప్లాన్ తీసుకుని 100 పోర్టున్న రౌటర్ పెడితే మాత్రం సగం డబ్బులు వృథా.

3. కుళాయి: వైఫై

కేబుల్‌తో స్పీడ్ బాగుండి వైఫైలో తగ్గితే, అప్పుడు మీ రౌటర్ దగ్గర పనుంది. మేం చేసినవి వరసగా చెప్తాను.

కంపెనీ బాక్స్ వైఫై ఆపేశాం. రెండూ పక్కపక్కనే ఒకే ఛానల్ మీద ఉన్నాయి. ఒకే గదిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడినట్టు, ఒకరు ఆగితే గానీ ఇంకొకరికి వీలుపడదు. పైగా ఫోన్లు పాత వైఫైనే పట్టుకుని వేలాడుతున్నాయి.

మన రౌటర్‌లో 2.4, 5 అని రెండు ఉంటాయి. ఈ 5కి మొబైల్ 5జీకి సంబంధం లేదు. 2.4 గోడలు దాటి దూరం పోతుంది, స్పీడ్ తక్కువ. 5 స్పీడ్ ఎక్కువ, గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. రెండిటికీ వేర్వేరు పేర్లు పెట్టి, ఏ గదిలో ఏది బాగుందో చూసుకున్నాం. 2.4కి ఛానల్ 1, 6, 11 లోనే ఏదో ఒకటి పెట్టండి, ఆ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు.

రౌటర్ చోటు మార్చాం. అది ఇనప బీరువా వెనక, నీళ్ళ డ్రమ్ము పక్కన ఉండేది. ఇనుమూ నీళ్ళూ రెండూ వైఫైకి అడ్డే. నడి గదిలో, తలెత్తున మేకుకి తగిలించాం. వెనక గదిలో 2 వచ్చేది 19 అయింది. పైసా ఖర్చు లేదు.

అడాప్టర్ చూసుకోండి. రెండు బాక్సులకీ పిన్ను ఒకేలా ఉంటుంది, ఒకదానిది ఇంకొకదానికి పెట్టేస్తాం. ఒకటి 9 వోల్టులు, ఒకటి 12 అయితే బాక్స్ మాటిమాటికీ ఆగి మొదలవడం, లేదా కాలిపోవడం జరుగుతుంది. వోల్టు సరిగ్గా సమానం ఉండాలి, ఆంపియర్ తక్కువ కాకూడదు.

సొంత రౌటర్ వెనక కంపెనీ బాక్స్ కూడా రౌటర్ పనే చేస్తుంటే ఒకే పని రెండుసార్లు జరుగుతుంది. దీనివల్ల స్పీడ్ పెద్దగా తగ్గదు గానీ కొన్ని ఆన్‌లైన్ గేములూ కాల్సూ మొరాయిస్తాయి. కంపెనీని అడిగి వాళ్ళ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించుకోవచ్చు. అప్పుడు లాగిన్ పేరు, పాస్‌వర్డ్ మన రౌటర్‌లో వేయాలి. ఒకవేళ వీఎల్ఏఎన్ నంబర్ ఉంటే అదీ అడిగి రాసుకోండి. లేదా మన రౌటర్‌నే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి, అది ఇంకా తేలిక. మేం అదే చేశాం.

పక్కింటి పిల్లల సంగతి

రౌటర్‌లో లెక్క చూస్తే 14 ఫోన్లు కలిసి ఉన్నాయి. ఇంట్లో ఉన్నవి 5. పాస్‌వర్డ్ 1 నుంచి 8 దాకా అంకెలు, వీధి మొత్తానికి తెలుసు. నెట్‌లో చదివితే "దొంగలు, వెంటనే ఆపేయండి" అని రాస్తారు. వాళ్ళు దొంగలు కాదు కదా. ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకి వచ్చిన పిల్లలు, మన అరుగు మీద కూర్చుని పాఠాలు వినేవాళ్ళు కూడా ఉన్నారు. మన ఊళ్ళో నీళ్ళు కాదనం, నెట్ కూడా కాదనలేం.

పాస్‌వర్డ్ మార్చి, అరుగు మీది పిల్లలకి గెస్ట్ నెట్‌వర్క్ వేరే పెట్టాం. దానికి స్పీడ్ హద్దు పెట్టే వీలు మా రౌటర్‌లో ఉంది. చెల్లి ఆప్షన్లు పెట్టే గంట మాత్రం ఎవరూ వాడొద్దని చెప్పాం, విన్నారు. రౌటర్ లోపలికి వెళ్ళే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చండి. చాలామంది వైఫైది మార్చి దాన్ని వదిలేస్తారు.

సాయంత్రం స్లో ఎవరిది?

అన్నీ సరిచేశాక కూడా రాత్రి 7 నుంచి 10 దాకా పడిపోతోంది. రౌటర్ తీసేసి, కంపెనీ బాక్స్‌కే కేబుల్ పెట్టి మూడు రోజులు కొలిచాం: 6, 5, 7. మన ఇంట్లో వస్తువు ఏదీ మధ్యలో లేదు. పగలు బాగుండి సాయంత్రమే తగ్గుతోందంటే, ఊరందరి నెట్ కలిసి పైకి పోయే దారి ఇరుకని అర్థం. అందరూ ఒకేసారి కుళాయి తిప్పితే ధార సన్నబడినట్టు.

నేనే ఫోన్ చేశాను. మళ్ళీ అదే మాట, సొంత రౌటరు కదా అని. ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అని కూడా అడిగారు. "ఉన్నారండీ, కొలిచింది మాత్రం నేను. మా రౌటర్ తీసేసి, మీ బాక్స్‌లో కేబుల్ పెట్టి కొలిచాను. తేదీ, టైము, అంకె చెప్తాను, రాసుకోండి" అన్నాను. కాసేపు అవతల మాట లేదు. తర్వాత కంప్లైంట్ రాసుకున్నారు. డాకెట్ నంబర్ అడిగి తీసుకున్నాను.

ఈ నంబర్ తప్పకుండా అడగండి. 2012 నాటి ట్రాయ్ ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకీ డాకెట్ నంబర్ ఇవ్వాలి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీకి పైకి పోవచ్చు. నంబర్ లేని ఫిర్యాదు నోటి మాటే. ఇంకొక సంగతి, 2023 జనవరి నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ రావాలి. అంతకుముందు 512 కేబీపీఎస్ ఉంటే చాలనేవారు. 2 కూడా రాకపోతే ఆ మాటే ఫిర్యాదులో చెప్పండి.

మూడో రోజు మనిషొచ్చి స్తంభం దగ్గర ఏదో మార్చి వెళ్ళాడు. ఇప్పుడు సాయంత్రం 22 దాకా వస్తోంది. 40 రావట్లేదు, అదీ రాసిపెడుతున్నాం.

చెల్లి పొద్దున్నే 6 గంటలకి లేచి, ఎవరూ నెట్ వాడని టైంలో తన ఆప్షన్లు తనే పెట్టుకుంది. పిన్ని టీ ఇచ్చి పక్కన కూర్చుంది. చెల్లి ఒక్కో కాలేజీ పేరు పైకి చదివి, హాస్టల్ ఉందా, బస్సుందా, ఫీజెంత అని చిన్నాన్నతో మాట్లాడుతూ వరస మార్చుకుంటూ పోయింది. గంటన్నర పట్టింది. నెట్ సెంటర్‌లో ఎవరూ మనకి గంటన్నర ఇవ్వరు. సేవ్ అయ్యాక ఓటీపీ తన ఫోన్‌కొచ్చింది, తనే కొట్టింది.

ఇందులో ఇంజినీర్లకి మాత్రమే తెలిసేది ఏమీ లేదు. ఒక్కో జాయింట్ దగ్గర ఆగి కొలవడం, రాసుకోవడం, అంతే. అంకె చేతిలో ఉంటే మనం వేడుకోనక్కర్లేదు, అడగొచ్చు. ఆ పేపర్ ఇప్పుడు చిన్నాన్న గోడకి, కరెంటు బిల్లుల పక్కన గుచ్చి ఉంది. మొన్న ఫోన్‌లో నాకు చెప్పాడు, "పక్క వీధోళ్ళకి కూడా కొలిచి పెట్టానే" అని.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళేవాళ్ళు ఒక మంచి లాన్ కేబుల్, ఒక పెన్ను బ్యాగులో వేసుకెళ్ళండి. మీ ఊళ్ళో ఎంత వచ్చిందో, ఏ జాయింట్ దగ్గర తగ్గిందో ఇక్కడ రాయండి. జోహార్.