పాటల పత్రికలో మాటల చోటు

సంగీతమును గూర్చిన పత్రికకు ఒక చిక్కు కలదు. వంటల పత్రికను జూచి కూర వండుకొనవచ్చును. కుట్టుపని పత్రికను జూచి రవిక కుట్టుకొనవచ్చును. పాటల పత్రికను చెవి కానించుకొన్నను ఒక్క స్వరమైనను వినబడదు. కావున అట్టి పత్రిక పాటకు మారుగా పాడువారి ముఖమును, మాటను మన ముందుంచును. పుటలో ముఖమున కెంత చోటు, మాట కెంత చోటు అని పంచిపెట్టు విద్యకు నేటి కళాశాలలలో లేఅవుటు అని పేరు. దీనికి పరీక్షలును మార్కులును కలవు.

మా ఆడపడుచు కుమార్తె హైదరాబాదులో ఈ విద్యనే అభ్యసించుచున్నది. కొన్ని సంగీత పత్రికల పుటలను, వానిలోని ఇంటర్వ్యూలను పరిశీలించి, పిమ్మట తానే యొక సంచికకు ముఖచిత్రమును నాలుగు పుటలను కూర్పవలెనని ఆమెకు పని నిచ్చిరి. వేసవి సెలవులకు మా యింటికి వచ్చి చావడి నిండ పత్రికల ప్రతులను పఱచినది. పాశ్చాత్య సంగీతముతో మాకు పరిచయము స్వల్పము. తండ్రిగారు ఇంటనే చెప్పిన భారత భాగవతములే మా చదువు. అయినను ప్రశ్నోత్తరములు మాకు క్రొత్తవి గావు. యక్షు డడుగును, ధర్మరాజు చెప్పును. అడిగినవాడు తన గొప్పను చాటుకొనక తప్పుకొనును. మంచి ఇంటర్వ్యూకు ఇంతకు మించిన లక్షణము మాకు తోచలేదు.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున యాన్ వెన్నర్, రాల్ఫ్ గ్లీసన్ అనువారు స్థాపించిన రోలింగ్ స్టోన్ పత్రిక మొదటి సంచిక 1967 నవంబరు 9వ తేదీతో వెలువడినది. ఆ దినములలో అది వార్తాపత్రికల కాగితము మీదనే అచ్చయ్యెడిది. జాన్ లెనన్ అను గాయకునితో 1970 డిసెంబరులో వెన్నరు జరిపిన సంభాషణ ఎంత దీర్ఘమైనదనగా, 1971లో దానిని రెండు సంచికలలో ప్రకటింపవలసి వచ్చినది. మాట్లాడువానికి చోటిచ్చుట యనగా అది. ఇంగ్లండులో 1978లో పుట్టిన స్మాష్ హిట్స్ మఱియొక దారి పట్టినది: పాటల సాహిత్యమునే అచ్చువేసి, రంగురంగుల బొమ్మలు చేర్చి, బాలబాలికల చేత కొనిపించినది. మన సినిమాహాళ్ళ వద్ద అమ్మిన పాటల పుస్తకములు దానికి అక్కచెల్లెండ్రే గదా! ఆ పత్రిక 2006లో నిలిచిపోయినది.

పిల్ల మనసు మాత్రము వీనిలో దేనిమీదను నిలువలేదు. ఆమెను మోహపెట్టినది రే గన్ అను అమెరికా పత్రిక. 1992లో అది ఆరంభమైనపుడు పుటలు కూర్చినవాడు డేవిడ్ కార్సన్. అక్షరములను చింపి, ఒకదానిపై నొకటి వేసి, పంక్తులను ప్రక్కపుటలోనికి ప్రాకించిన ఘనుడు. 1994లో బ్రయన్ ఫెర్రీ అను గాయకుని ఇంటర్వ్యూ ఆయనకు విసుగు పుట్టించినదట. అంతట దానినంతయు నక్షత్రములు, బాణములు మొదలగు గుర్తులు మాత్రమే గల డింగ్‌బాట్స్ అను అచ్చులో కూర్చి ప్రకటించెను! చదువగల ప్రతిని అదే సంచిక చివర వేసినారు లెండు. లోకమున దానికి మంచి ఖ్యాతియే వచ్చినది. మాకు మాత్రము, అతిథిని భోజనమునకు పిలిచి విస్తరి తిరగవేసినట్లు తోచినది.

పిల్ల తన పుటలకు ఎన్నుకొనినది మా ప్రాంతమున నలువది యేండ్లు హరికథలు చెప్పిన యొక వృద్ధురాలిని. గజ్జెలు కట్టి, చిరుతలు పట్టి, మైకు లేని పల్లెలలో తెల్లవాఱువఱకు గొంతు నిలిపిన మనిషి. ఆమె ముప్పావుగంట మాట్లాడినది. తాళము తప్పిన మృదంగమును కథ ఆపకుండ ఎట్లు దారికి తేవలెనో, చివరి వరుసలో కూర్చున్న వారికి మాట అందుటకు ఊపిరి ఎచట దాచుకొనవలెనో అన్నియు చెప్పినది. పిల్ల ఆ మాటలను ఆమె ముఖచిత్రము మీదనే, నెరిసిన జుట్టులోనికి కలిసిపోవునట్లు వంకరటింకర పంక్తులలో పేర్చినది. బొమ్మ చూచుటకు అందముగనే యుండెను. పుట నడుమ పెద్ద అక్షరములతో ఒక్క వాక్యము: భర్త పోయిన నెల తిరుగకుండగనే కథకు పోవలసి వచ్చినదని.

"ఈ యొక్క మాటయే ఎందుకమ్మా?" అని అడిగితిమి.

"అత్తయ్యా, చూడగానే మనసు పట్టుకొనవలెను గదా!" అన్నది.

పురుష విద్వాంసుని రాగమును గూర్చి అడుగుట, స్త్రీని సంసారమును గూర్చి అడుగుట పత్రికలకు చిరకాలపు అలవాటు. ప్రశ్నల పట్టికను తెప్పించి చూచితిమి. పదునాలుగు ప్రశ్నలలో తొమ్మిది ఇంటిని గూర్చినవే! ఆమె విద్యను గూర్చి చెప్పినదంతయు అడుగకుండ చెప్పినదే. పెద్ద అక్షరము తీర్పు వంటిది. పుట త్రిప్పువారు దానినే చదివి సాగిపోవుదురు. నలువది యేండ్ల విద్య ఒక వితంతువు దుఃఖముగా మిగులుట మాకు సమ్మతము కాలేదు. సంచిక వెలువడిన పిమ్మట తన కొక ప్రతి పంపుమని, మనుమలకు చదివి వినిపింతునని ఆ వృద్ధురాలు అడిగియున్నది. ఆ జుట్టులో అక్షరములను ఆమె కన్నులు ఏఱగలవా?

మఱియొక చిక్కు లిపిది. ఇంగ్లీషు పత్రికల కొలతలనే పిల్ల తెలుగునకు పెట్టినది. మన లిపిలో అక్షరము పైన గుడులు, క్రింద వత్తులు ఉండును. పంక్తుల నడుమ ఎడము చాలక పై పంక్తి వత్తు క్రింది పంక్తి గుడిని పొడుచుచుండెను. 'శాస్త్రీయ' అను మాట వ్రాసి చూపితిమి; అది యొక్కటే రెండు పంక్తుల చోటు ఆక్రమించును! ప్రశ్నకును ఉత్తరమునకును భేదము తెలియుటకు ఇంగ్లీషువారు అక్షరములను వాల్తురు. గుండ్రని మన అక్షరము వాలిన తూలినట్లుండును. మేము చదివిన కావ్యములలో మూలము పెద్ద అక్షరములతో, టీకయు తాత్పర్యమును దాని క్రింద చిన్న అక్షరములతో నుండెడివి. ఎవరి మాట ముఖ్యమో కంటికే తెలిసెడిది. పిల్ల ఆ పుస్తకములను దించి, కొలబద్ద పెట్టి కొలిచినది.

ఇప్పుడు వృద్ధురాలి మాట పెద్ద అక్షరములలో మూలము వలె, ప్రశ్న చిన్న అక్షరములలో టీక వలె నున్నవి. నడుమ వాక్యము ఊపిరిని గూర్చినది. బొమ్మ సగము పుటకు తగ్గినది. మార్కులు తగ్గునని పిల్లకు బెంగ. పరీక్షకులకు రే గన్ వంటివే నచ్చునట. మా వారు, "మార్కులు వేయువాడను నేనును ఒకడనే, చదువలేని జవాబునకు నే నెన్నడును వేయలేదు" అనిరి గాని, బడిలెక్క వేఱు, కళాశాల లెక్క వేఱు.

ముఖచిత్రము తేలలేదు. పిల్ల ఆమె ముఖము వేయవలె ననుచున్నది. చిరుతలు పట్టిన చేయి చాలునని మేము. ఏది కావలెనో ఆ వృద్ధురాలినే అడుగుటకు రేపు ఇద్దఱమును బస్సులో పోవుచున్నాము.