కొండ మీద నోటు బొమ్మ, కొండ కింద బతుకు చిత్రం

2001లో రిజర్వు బ్యాంకు విడుదల చేసిన ఇరవై రూపాయల నోటును తిప్పి చూస్తే కొబ్బరి చెట్లు, సముద్రం, దూరంగా ఓ లైట్‌హౌస్ కనిపిస్తాయి. కూరగాయల అంగడి నుంచి దేవుడి హుండీ దాకా ఆ నోటు వెళ్లిన చోటల్లా ఆ బొమ్మా వెళ్లింది. దక్షిణ అండమాన్‌లోని మౌంట్ హారియట్ దారిలో నిలబడితే కనిపించే నార్త్ బే తీరం అది. 2019లో వచ్చిన కొత్త నోటు మీదికి ఎల్లోరా గుహలు చేరాయి. అయినా పాత నోటును కళ్లెదుట ఎత్తి పట్టుకుని అచ్చం అలాంటి ఫొటో కోసం ప్రయత్నించే పర్యాటకులు ఇప్పటికీ ఉన్నారు.

ఆ కొండకు దారి బాంబూఫ్లాట్ మీదుగానే. పోర్ట్‌బ్లెయిర్‌కు (2024లో దీని పేరు శ్రీ విజయపురంగా మారింది) ఎదురుగా, రేవుకు ఆవలి ఒడ్డున ఉన్న చిన్న పట్టణమిది. చాథమ్ జెట్టీలో ఫెర్రీ ఎక్కితే పావుగంట ప్రయాణం. రోడ్డు మీద చుట్టి రావాలంటే నలభై కిలోమీటర్లు దాటుతుంది. అందుకే ఉద్యోగులు, విద్యార్థులు, ఆసుపత్రికి వెళ్లేవాళ్లు, స్కూటర్లు, జీపులు అన్నీ ఫెర్రీనే నమ్ముకున్నాయి. పర్యాటకులకు మాత్రం బాంబూఫ్లాట్ దిగి, కారెక్కి, కొండకు సాగిపోయే మజిలీ. కెమెరా బయటికి వచ్చేది కొండ మీదికి చేరాకే.

ఫొటోగ్రఫీ సరదాగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఇక్కడే పుడుతుంది. ఇప్పటికే లక్షల మంది తీసిన అందమైన దృశ్యాన్ని మరోసారి తీయాలా? లేక రోజూ కళ్లముందు ఉండి ఎవరూ పట్టించుకోని వాటివైపు చూడాలా?

జవాబు కొంతవరకు ఆ కొండ పేరులోనే ఉంది. 1862 నుంచి 1864 దాకా పోర్ట్‌బ్లెయిర్ సూపరింటెండెంట్‌గా పనిచేసిన రాబర్ట్ టైట్లర్ భార్య హారియట్ పేరు ఈ కొండకు పెట్టారు. 1891 నాటి ఆంగ్లో-మణిపురి యుద్ధం తర్వాత ఇక్కడికి ప్రవాసం పంపిన మణిపురి యోధుల స్మృతిగా 2021లో కేంద్ర ప్రభుత్వం దీన్ని మౌంట్ మణిపుర్‌గా మార్చింది. కొండెక్కేవారిలో చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, హారియట్ ఒక ఔత్సాహిక ఫొటోగ్రాఫర్. 1857 తిరుగుబాటు కాలంలో ఢిల్లీ ముట్టడి సాగుతుండగా బ్రిటిష్ శిబిరంలో ఒక బండిలోనే ఆమె బిడ్డను ప్రసవించారు. మరుసటి ఏడాది దంపతులిద్దరూ ఫెలీచే బియాటో, డాక్టర్ జాన్ మర్రేల దగ్గర ఫొటోలు తీయడం నేర్చుకున్నారు. కొన్ని నెలల్లోనే దాదాపు 500 పెద్ద నెగెటివ్‌లు సిద్ధం చేశారు. ఇద్దరిలో ఎవరికీ అది వృత్తి కాదు. ఆయన సైనికాధికారి. ఆమె అసలు ఉద్దేశం ఢిల్లీ కోటను భారీ వర్ణచిత్రంగా గీయడం.

ఆ చిత్రాల విలువ తర్వాత తెలిసింది. తిరుగుబాటును అణచివేశాక బ్రిటిష్ పాలకులు ఎర్రకోట లోపల, జామా మసీదు పరిసరాల్లో ఎన్నో కట్టడాలను కూలగొట్టారు. కళ్లముందున్నంత కాలం మామూలుగా కనిపించిన గోడలకు ఫొటోలే సాక్ష్యాలుగా మిగిలాయి. అయితే ఆనాటి పరిజ్ఞానానికి ఓ పరిమితి ఉండేది. కాగితం నెగెటివ్ మీద బొమ్మ పడాలంటే లెన్స్‌ను చాలాసేపు తెరిచి ఉంచాలి. కదలని గోడ పడుతుంది, కదిలే మనిషి చెరిగిపోతాడు. నడిచి వెళ్లేవాళ్లు, బళ్లు తోలేవాళ్లు అలా జాడ లేకుండా పోయారు. ఫెర్రీ దిగి పరుగులు తీసే జనం ఆ కెమెరాకు దొరికేవారు కారు. ఈనాడు జేబులోని సెల్‌ఫోన్‌కు దొరుకుతారు. లోటు ఉన్నదల్లా చూడాలన్న ఆసక్తిలోనే.

కొండ మీది అందం ఎంత గొప్పదైనా కింద ఏముందో చెప్పదు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో ఈ కొండెక్కి సూర్యాస్తమయం చూశాడు. చీకటి పడ్డాక దిగి వచ్చి హోప్‌టౌన్ రేవులో పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ ఆఫ్రిదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. పై నుంచి చూసిన పాలకుడికి ద్వీపం సుందర దృశ్యం. కిందున్న ఖైదీకి అది చెరసాల. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నది ఫొటోగ్రఫీలో మొదటి పాఠం.

కొండ కింద చూడగలిగింది తక్కువేమీ కాదు. అవతలి ఒడ్డున చాథమ్‌లో 1883లో మొదలైన రంపపు మిల్లు ఉంది. ఇవతల, 2003లో హైదరాబాద్‌కు చెందిన సూర్యచక్ర సంస్థ నెలకొల్పిన 20 మెగావాట్ల డీజిల్ విద్యుత్ కేంద్రం చాలాకాలం ద్వీపానికి వెలుగునిచ్చింది. ఇక జనం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం మనదే. ఫెర్రీ రెయిలింగ్ పట్టుకుని నిలబడితే చాలు, ఉత్తరాంధ్ర యాస చెవిన పడటానికి ఎంతోసేపు పట్టదు.

వెలుగు సంగతీ వేరే. దేశమంతటికీ ఒకే గడియారం కాబట్టి తూర్పున దూరంగా ఉన్న ఈ దీవుల్లో జూన్‌లో ఐదు గంటలకే తెల్లవారుతుంది. డిసెంబర్‌లో సాయంత్రం ఐదు దాటితే పొద్దు గూకుతుంది. ఆఫీసులకు బయల్దేరే వేళకే ఎండ చురుక్కుమంటుంది. ఇల్లు చేరే ఫెర్రీ మాత్రం మునిమాపు వెలుతురులో కదులుతుంది. ఫొటోగ్రాఫర్లు పడిచచ్చే ఆ మెత్తని వెలుగు ఇక్కడ అలసిన ముఖాల మీదే పడుతుంది. దాని కోసం కొండెక్కనక్కర్లేదు.

నిత్యం చూసేదాన్ని మళ్లీ మళ్లీ తీసి మేటి అనిపించుకున్నవారు ప్రపంచంలో కొందరున్నారు. చెక్ ఫొటోగ్రాఫర్ జోసెఫ్ సూడెక్ ప్రాగ్‌లోని తన స్టూడియో కిటికీని ఏళ్ల తరబడి చిత్రించారు. మంచు పట్టిన అద్దం, మీద జారే నీటి చుక్కలు, అవతల ఓ చెట్టు, అంతే. అమెరికాలో ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ వీధుల్లో లక్షకు పైగా ఫొటోలు తీసి ఎవరికీ చూపించకుండా దాచుకున్నారు. 2007లో అవి వేలంలో బయటపడ్డాయి. 2009లో ఆమె కన్నుమూశాకే లోకం ఆమెను గుర్తించింది. ఇద్దరూ ప్రేరణను ప్రధానంగా తమ చుట్టూ ఉన్న లోకంలోనే వెతుక్కున్నారు. ఒకే చోటును వందసార్లు చూస్తే నూటొకటో సారి కొత్తది కనిపిస్తుందని వారి చిత్రాలు చూస్తే అనిపిస్తుంది.

బాంబూఫ్లాట్ నుంచి ఉత్తరానికి వెళ్లే రోడ్డు ఫెరార్‌గంజ్ మీదుగా జారవాల అడవి వైపు సాగుతుంది. వింత కోసం తహతహలాడే కెమెరా ఎంత హాని చేయగలదో అక్కడ తెలిసింది. జారవా మహిళలతో నృత్యం చేయించిన వీడియో 2012లో దుమారం రేపింది. వారిని ఫొటో తీయడం చట్టరీత్యా నేరం. పరాయివారి బతుకును వింతగా చూపడానికీ, తనవారి బతుకును శ్రద్ధగా చూడటానికీ ఉన్న దూరం అదే.

ఇదేదో కాలక్షేపం కబురు కాదనడానికి 2004 డిసెంబర్ 26 చాలు. ఆనాటి భూకంపంతో దక్షిణ అండమాన్ తీరం సుమారు మీటరు మేర కుంగింది. సునామీ వెనక్కి వెళ్లినా ఉప్పునీరు వదల్లేదు. సిప్పీఘాట్ వంటి చోట్ల పచ్చని పొలాలు బురద మడుగులయ్యాయి. నీరు ఎంత మేర వచ్చిందో ఉపగ్రహ చిత్రాలు కచ్చితంగా చెబుతాయి. ఆ గట్ల మీద ఎవరు నడిచారో, కోతల వేళ అక్కడ ఎలా ఉండేదో చెప్పవు. అది చెప్పగలిగింది అక్కడే బతికి, ఏ కారణమూ లేకుండా ఓ ఫొటో తీసి పెట్టుకున్న మనిషి మాత్రమే.

కొండ పేరు మారింది, ఊరి పేరు మారింది, నోటు మీది బొమ్మ మారింది. రేపు ఫెర్రీ కూడా మారవచ్చు. నార్త్ బే దృశ్యానికి సాక్షులు కోట్లలో ఉన్నారు. సాయంత్రం ఫెర్రీలో కునికిపాట్లు పడే ప్రయాణికుడికి మాత్రం సాక్షి కావలసింది పక్క సీటులోని మనిషే.