కప్పరాని చేయి

రోగియెడల మన గృహములలో చూపబడు ప్రేమకు రెండు రూపములు కలవు. ఒకటి కప్పుట, రెండవది తినిపించుట. చలి వేసెనేమో యని దుప్పటి కప్పుదుము. నీరసించెనేమో యని కొబ్బరినీరు త్రాగింతుము. ఇవి తరతరములుగా మన తల్లులు మనకు నేర్పిన మర్యాదలే. వీనిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని యీ రెండు మర్యాదలును ప్రాణాపాయకరములగు స్థలమొకటి కలదనియు, అచ్చట మన ప్రేమకంటె పరుల జాగరూకతయే రోగిని కాపాడుననియు మేము ఆలస్యముగా తెలిసికొంటిమి. ఆ స్థలము డయాలసిస్ గది.

మా చిన్నాయన రాజుపాలెము మండలమున, కుందూనదికి చేరువనున్న నల్లరేగడిలో శనగ పండించిన రైతు. మధుమేహమును రక్తపుపోటును ఆయన చాలకాలము లెక్కచేయలేదు. తుదకు మూత్రపిండములు రెండును పనిచేయుట మానెను. నాటినుండి వారమునకు మూడు దినములు బస్సులో పట్టణమునకు పోయి, పోయినప్పుడెల్ల నాలుగు గంటలు పరుండి, యంత్రముచే రక్తమును శుద్ధిచేయించుకొనుట ఆయనకు సేద్యమువలె తప్పని పని యయ్యెను. తోడుపోవు పని మాపై బడెను.

ఆయన యెడమచేతి ధమనిని సిరతో కలిపి చర్మము క్రింద కుట్టియుండిరి. దానిని ఫిస్టులా యందురు. అచ్చట రెండు సూదులు గ్రుచ్చుదురు. ఒకదాని గుండా రక్తము యంత్రమునకు పోవును. రెండవదాని గుండా శుద్ధమై తిరిగి వచ్చును. మొదటినాడు ఆ చల్లని గదిలో ఆయన వణకుచుండగా చూచి, మేము మెడవరకు దుప్పటి కప్పితిమి. నర్సు వచ్చి చేతిమీది దుప్పటి తొలగించెను.

“పెద్దాయనా, ఈ చెయ్యి కప్పొద్దు. నాకు కనపడాల.”

“చలికి వణుకుతా ఉండాడమ్మా,” అంటిమి.

“ఒళ్లంతా కప్పండి. ఈ చెయ్యి మాత్రం వద్దు.”

ఆమె కంఠమున కోపము లేదు. ఐనను మాకు కష్టము తోచెను. వయసు చెల్లిన మనుష్యునిపై ఇంత నిర్దయయా యనుకొంటిమి. ఆమె యటు తిరుగగానే మరల కప్పితిమి. ఆమె మరల తొలగించెను. ఇట్లు కొన్ని వారములు మాకును ఆమెకును ఈ మౌనయుద్ధము జరిగెను. గెలిచినది ఆమెయే, అది మా భాగ్యము.

ఒకనాటి మధ్యాహ్నము, మూడవ గంట నడచుచుండగా, చిన్నాయన కునుకుచుండెను. మేము పత్రిక చదువుచుంటిమి. నాలుగు మంచముల యవతలనున్న నర్సు హఠాత్తుగా పరుగెత్తుకొని వచ్చి, రక్తపు పంపును ఆపి, గొట్టమునకు క్లాంపు వేసి, గాజుగుడ్డతో చేతిని అదిమిపట్టెను. చెమటకు టేపు సడలి, రక్తము తిరిగివచ్చు సూది వెలికి జారియుండెను. పక్కబట్టపై అరచేయి వెడల్పున ఎఱుపు వ్యాపించియుండెను. యంత్రము మాత్రము కూయలేదు! సూది జారినను ఒక్కొక్కప్పుడు గొట్టములోని పీడనము చాలినంత తగ్గదనియు, అప్పుడు యంత్రమునకు ప్రమాదము తెలియదనియు ఆమె తరువాత మాకు బోధించెను.

చదువరులు లెక్కకట్టుకొనవచ్చును. యంత్రము నిమిషమునకు దాదాపు 300 మిల్లీలీటర్ల రక్తమును త్రిప్పును. పెద్దవాని దేహమున నుండు రక్తము సుమారు 5 లీటర్లు. ఐదు నిమిషములు ఎవరును చూడకున్న లీటరున్నర రక్తము పక్కపాలగును. ఆనాడు దుప్పటి మేము కప్పినట్లే యుండిన, మా చిన్నాయన మా కన్నులయెదుట, మా ప్రేమ క్రిందనే, నిద్రలో పోయియుండును. ఇది వ్రాయుచుండగా నేటికిని మా చేయి వణకుచున్నది.

అటుపిమ్మట మేము ఆ గదిని వేరు కన్నులతో చూడసాగితిమి. అంతకుముందు పనికిమాలిన తంతులని తోచినవన్నియు ప్రాణరక్షణోపాయములని గ్రహించితిమి. రాగానే తూకము వేయుదురు. క్రిందటి సారికంటె పెరిగిన బరువే లోన నిలిచిన నీరు. ఒక వేసవినాడు చిన్నాయన చెంబెడు మజ్జిగ త్రాగి దాచెను, త్రాసు దాచలేదు. అధికమైన నీటిని త్వరత్వరగా తీసినచో రక్తపుపోటు పడిపోవును. అందుకే మాటిమాటికి పోటు చూతురు. రోగి ఆవులించినను, చెమర్చినను, పిక్కలు పట్టినవన్నను, వెంటనే తల దించి కాళ్లు ఎత్తి, నీరు తీయుట ఆపుదురు. ఒక రోగినుండి మరియొక రోగియొద్దకు పోవునపుడెల్ల చేతులు కడిగికొని క్రొత్త గ్లవుసులు తొడుగుకొందురు. హెపటైటిస్ బి గలవారికి యంత్రమును వేరు, స్థలమును వేరు. ఇది అంటరానితనము కాదు. ఒకరి రక్తకణము కంటికి కానరాకయే మరియొకరికి చేరకుండుటకు కట్టిన గట్టు.

నీటి సంగతి మరియు గొప్పది. మనము త్రాగు నీటికి కడుపు కావలియున్నది. డయాలసిస్ రోగి రక్తమునకు, ఒక్కసారికి దాదాపు 120 లీటర్ల ద్రవమునకు, నడుమ నుండునది పలుచని పొర మాత్రమే. పంపునీటిలో క్రిములను చంపుటకు వేయు క్లోరినే ఎఱ్ఱకణములను పగులగొట్టును. 1996లో బ్రెజిల్ దేశపు కరువారు పట్టణమున, జలాశయపు నాచువిషము సరిగా శుద్ధిచేయని నీటితోపాటు డయాలసిస్ యంత్రములలోనికి పోగా 50 మందికి పైగా రోగులు మరణించిరి. ప్రొద్దుటనే వచ్చి, రోగులకంటె ముందు నీటిని పరీక్షించు టెక్నీషియనును మనమెవరమును చూడము. ఆతడు ఒక్కనాడు మఱచిన, గదిలోని వారందఱును ఎఱుగుదురు.

మా చిన్నమ్మ దేవళమునుండి దారము తెచ్చి, వ్యాధిగల చేయియే గదా యని ఎడమ మణికట్టునకు బిగించి కట్టెను. టెక్నీషియను దానిని చూచి నవ్వలేదు, మూఢత్వమని పలుకలేదు. “అమ్మా, ఈ చేతిని ఏదీ బిగించి పట్టగూడదు, రక్తం గడ్డకడతాది. దేవుడు కుడిచేతిలోగూడా ఉంటాడు,” అని మెల్లగా విప్పి యిచ్చెను. ఆమె తానే కుడిచేతికి కట్టెను. ఆ చేతికి గడియారము కట్టరాదు, బరువు మోయరాదు, రక్తపుపోటు పట్టీ చుట్టరాదు, దానిపై పరుండరాదు. ప్రతి ఉదయమును దానిపై వ్రేళ్లుంచి, లోపల రక్తము జుమ్మని పారుచున్నదో లేదో చూచుట ఇప్పుడు మా చిన్నమ్మకు దీపారాధనవంటి నిత్యకృత్యము. అది నిలిచిన నాడు వెంటనే ఆసుపత్రికి పరుగిడవలెను. ఎండలో వచ్చిన బంధువులు తెచ్చు కొబ్బరినీటిని ఆమెయే త్రిప్పిపంపుచున్నది. అందలి పొటాషియము హృదయమును నిలిపివేయగలదని నేర్చుకొన్నది.

మా తప్పు మరియొకటి చెప్పవలెను. తుది బస్సు పోవునని తొందరపెట్టి, “అరగంట ముందే విప్పండమ్మా” యని మేము పలుమార్లు బ్రతిమాలితిమి. ఆ అరగంట ఆయన రక్తమున మిగిలిపోవు విషము. సూదులు తీసిన పిమ్మట రక్తము కట్టువరకు అదిమి, కూర్చుండబెట్టి పోటు చూచి, అప్పుడే లేపవలెనని ఆమె పట్టుపట్టెడిది. మేము గొణిగెడివారము.

1943లో, జర్మను సేనల ఆక్రమణలోనున్న హాలెండు దేశమున, విలెమ్ కోల్ఫ్ అను వైద్యుడు సాసేజిలకు తొడుగు సెల్లోఫేను గొట్టమును తిరుగు పీపాకు చుట్టి ఈ యంత్రమును తొలుత నిర్మించెను. మొదటి రోగులలో దాదాపు అందఱును మరణించిరి. 1945లో 67 ఏండ్ల వృద్ధురాలు బ్రతికెను. నేడు ఆ యంత్రము మన యూళ్ల చేరువకు వచ్చినది. 2016లో కేంద్రప్రభుత్వము జాతీయ డయాలసిస్ కార్యక్రమమును ప్రకటించెను. కిడ్నీవ్యాధి యిల్లిల్లును పీడించుచున్న శ్రీకాకుళపు ఉద్దానమునకై, పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధనాకేంద్రమును 2023లో తెరువబడెను. సంతోషమే. కాని యంత్రములు పెరిగినంతగా వానిని కనిపెట్టు కన్నులు పెరుగుచున్నవా? ఒక్క నర్సు చాల మంచములకు పరుగిడుచు, మధ్యాహ్నపు సద్దిమూట విప్పుటకును తీరిక లేకుండుట మేము చూచితిమి. ఆనాడు ఆమె నాలుగు మంచముల యవతల నుండెను. ఎనిమిది మంచముల యవతల నుండిన ఏమగును?

కావున యంత్రము నడుగునపుడు, దాని ప్రక్క నిలుచు మనుష్యుని గూడ అడుగుడు. తగిన శిక్షణమును, తగిన జీతమును, తగినంతమంది సహాయకులును వారికి కావలెనని కోరుడు. మీ యింటి ఆడుబిడ్డ నర్సగుదునన్నచో అది తక్కువపని యనకుడు. మీరు తోడుపోయినపుడు పత్రిక మడిచి, ఆ చేతిని చూచుచుండుడు.

మొన్న చలి యధికముగా నుండెను. మేము దుప్పటి సర్దుచుండగా చిన్నాయన కన్నులు తెరువకయే ఎడమచేతిని వెలికి తీసి, పైన పెట్టుకొనెను.